చీకటి ఉదయాల్లో సైకిల్ రైడ్: పదివేలుంటే మొదట దేనికి ఖర్చు పెట్టాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మియాపూర్‌లో ఉంటున్నావు, రోడ్ బైక్ కొని నాలుగు నెలలైంది, శని ఆదివారాల్లో తెల్లవారుజామున 4.45కి బయలుదేరి మెదక్ జిల్లా నర్సాపూర్ వైపు వెళ్తున్నావు. దసరా దాటాక చీకటి పెరిగింది, మీ ఆవిడకు టెన్షన్‌గా ఉంది. జనవరిలో మొదటి 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) చేయాలని ఆశ. చేతిలో పదివేలున్నాయి, లైట్లు, జాకెట్, టైర్లలో ముందు ఏది కొనాలి అని అడిగావు. ఆ రోడ్డు మీద నేను పద్నాలుగేళ్ళుగా తొక్కుతున్నాను. అక్కడే ఒకసారి ఎముక కూడా విరిగింది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

కొనే వస్తువుల కంటే ముందు గడియారం సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో 5.40కే సూర్యోదయం. డిసెంబర్ నెలాఖరుకు అది 6.45 అవుతుంది. డిసెంబర్ 22 దాటితే పగలు పెరుగుతుంది కదా, ఇక ఉదయాలు తేలిక అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పెరిగే పగలంతా మొదట్లో సాయంత్రం వైపే కలుస్తుంది. ఉదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది, సంక్రాంతి రోజుల్లో సూర్యోదయం దాదాపు 6.49. సాయంత్రం లెక్క వేరు. మనకు అన్నిటికంటే ముందుగా పొద్దుగూకేది నవంబర్ చివరి వారంలో, 5.40 ప్రాంతంలో. విశాఖలో ఉన్నవాళ్ళకు ఈ టైములన్నీ దాదాపు ఇరవై నిమిషాలు ముందుంటాయి.

సూర్యోదయానికి ఇరవై, ఇరవై రెండు నిమిషాల ముందు నుంచి లైటు లేకపోయినా రోడ్డు కనపడుతుంది. అంటే జనవరిలో 6.25 ప్రాంతం. నువ్వు 4.45కి బయలుదేరితే గంటా నలభై నిమిషాలు పూర్తి చీకట్లో ఉంటావు. 5.45కి బయలుదేరితే నలభై నిమిషాలే, అందులోనూ ఎక్కువ భాగం వీధి దీపాలున్న బాచుపల్లి లోపలే గడిచిపోతుంది. ఎండ భయంతో ఏప్రిల్‌లో తెల్లారకముందే వెళ్ళడం సరైనదే. డిసెంబర్‌లో పది గంటలకు కూడా ఎండ హాయిగానే ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా నువ్వు చేయగలిగిన మొదటి పని ఈ గంట ఆలస్యం.

అయినా చీకట్లో తొక్కక తప్పని రోజులుంటాయి, బీఆర్‌ఎంలో అయితే తప్పనే తప్పదు. ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. చీకటి అనగానే అందరూ వెనక నుంచి లారీ కొడుతుందని భయపడతారు. ఆ భయం అర్థం లేనిది కాదు, దాని గురించి కింద రాస్తాను. కానీ మన రోడ్ల మీద చీకట్లో పడిన నా స్నేహితుల్లో ఎక్కువమందిని పడేసింది ముందు రోడ్డు మీదున్న వస్తువే. రంగు వేయని స్పీడ్ బ్రేకర్, వానాకాలంలో పడి ఇంకా పూడ్చని గుంత, వడ్ల కుప్ప.

వడ్ల సంగతి వివరంగా చెప్పాలి. నువ్వు వెళ్ళే రోడ్డు మీద ఈ నెలల్లో అన్నిటికంటే ప్రమాదం అదే. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా వానాకాలం పంట కోతలు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లలో పచ్చి ఎక్కువ ఉంటుంది. ఆరబోయడానికి కల్లాలు లేవు, ఉన్నవి చాలవు. అందుకని రైతు తారు రోడ్డు మీద ఎడమ సగం పొడవునా పోస్తాడు. సాయంత్రం కుప్ప చేసి, మంచు తగలకుండా నల్లటి పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెడతాడు. ఎవరైనా తొక్కుకుంటూ పోతారని ఆ కుప్పకు పది అడుగుల ముందే ఇంకో వరస రాళ్ళు ఉంటాయి. నల్ల రోడ్డు, నల్ల పట్టా, దుమ్ము పట్టిన రాయి, వీటిలో ఏదీ వెలుతురును వెనక్కి పంపదు.

2016 నవంబర్‌లో నర్సాపూర్ దాటి మెదక్ రోడ్డులో పోతున్నాను. టైము ఐదున్నర కావస్తోంది. ముందు లైటు ఉంది, కానీ అది ఎదుటివాడికి మనం కనపడడానికి పనికొచ్చే చిన్న లైటు. ఎదురుగా ఒక టిప్పర్ హైబీమ్‌తో వచ్చింది, అది దాటిపోయిన రెండు సెకన్లు నాకు కళ్ళు కనపడలేదు. అప్పుడు గంటకు 30 మీదున్నాను. మొదటి రాయికే ముందు చక్రం తిరిగిపోయింది. కాలర్ బోన్ విరిగింది, హెల్మెట్ పగిలింది. కుప్ప పక్కనే దుప్పటి కప్పుకుని పడుకున్న రైతు లేచి వచ్చి, నీళ్ళు పట్టి, తన కొడుకును లేపి బండి మీద నర్సాపూర్ దవాఖానాకు పంపించాడు. ఆయన మీద నాకు ఏ రోజూ కోపం రాలేదు. ఆరుగాలం కష్టం అక్కడ పోసి మంచులో కాపలా పడుకున్న మనిషి ఆయన. తప్పు నా వేగానిది, నా లైటుది. ఇంకో రెండు వందల మీటర్ల ముందే టిప్పర్‌ను చూసి నెమ్మదించి ఉంటే లేచి నడిచి ఇంటికొచ్చేవాణ్ణి.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. నా లైటు ఎంత దూరం చూపిస్తుందో, ఆ దూరంలో నేను ఆగగలగాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఏడు మీటర్లు పోతాం. రాయిని చూసి, అది రాయి అని గుర్తించి, బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను అనుకో, పది మీటర్లు అక్కడే పోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో ఆరేడు మీటర్లు. మొత్తం 17. వేగం 30 అయితే ఇది 21 మీటర్లు దాటుతుంది. దిగుడులో 40 ఉంటే 30 మీటర్లు కూడా చాలవు. ఇప్పుడు నీ లైటు వేసుకుని చీకటి రోడ్డులో నిలబడి చూడు, 30 మీటర్ల దూరంలో ఇటుకంత రాయి కనపడుతుందా? కనపడకపోతే ఆ లైటుతో నువ్వు 40లో పోకూడదు. ఈ లెక్క పెట్టుకున్నాక దిగుళ్ళలో బ్రేకు మీద చెయ్యి దానంతట అదే పడుతుంది.

అందుకే పదివేలలో మొదటి ఖర్చు ముందు లైటుకే. వీధి దీపాలున్న రోడ్డుకు 300, 400 ల్యూమెన్లు (లైటు వెలుతురు కొలత) చాలు. నర్సాపూర్ అడవిలాంటి చోట కనీసం 800 ఉండాలి. డబ్బా మీద రాసిన ల్యూమెన్ల అంకె ఒక్కటే చూసి కొనొద్దు. ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు దొరికే లైట్ల మీద 5000 అని కూడా రాస్తారు, ఆ అంకెలు నమ్మదగినవి కావు. మూడు విషయాలు చూడు. ఒకటి, ఫుల్ వెలుతురులో ఎన్ని గంటలు నిలుస్తుంది, మధ్య మోడ్‌లో ఎన్ని గంటలు. నువ్వు ఎక్కువగా వాడేది మధ్య మోడే కాబట్టి అందులో నాలుగు గంటలు రావాలి. రెండు, వెలుతురు ఏ ఆకారంలో పడుతుంది. టార్చిలా గుండ్రంగా పడితే సగం వెలుతురు చెట్ల మీదికీ ఎదుటి డ్రైవర్ కళ్ళలోకీ పోతుంది. కారు హెడ్‌లైట్‌లాగా పైభాగం కోసినట్టు ఉండి, కింద రోడ్డు మీద వెడల్పుగా పరుచుకునేది ఉత్తమం. జర్మనీలో సైకిల్ లైట్లకు ఇదే నిబంధన, అక్కడి ప్రమాణానికి చేసినవాటిని ఎస్‌టీవీజడ్‌ఓ లైట్లు అంటారు. వాటిలో ల్యూమెన్ల అంకె చిన్నగా కనపడినా రోడ్డు బాగా కనపడుతుంది. మూడు, క్లాంపు. ఎంత మంచి లైటయినా గుంతలో దిగగానే తల వంచేస్తే దండగ. రబ్బరు బ్యాండ్‌తో కట్టేది వద్దు, స్క్రూతో బిగించేది తీసుకో.

లోపల బ్యాటరీ 18650 లేదా 21700 సెల్ (విడిగా దొరికే లిథియం సెల్ సైజులివి) అయి, మనమే తీసి మార్చుకునేలా ఉంటే ఇంకా మంచిది, జేబులో స్పేర్ సెల్ పెట్టుకోవచ్చు. సీల్ వేసిన లైట్లయితే ఛార్జ్ అవుతూనే వెలుగుతుందో లేదో కొనేముందే అడుగు. కొన్ని కేబుల్ పెట్టగానే ఆరిపోతాయి, పవర్ బ్యాంకు ఉన్నా ఉపయోగం ఉండదు. కొంతమంది చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టించే డైనమో హబ్ పెట్టించుకుంటారు, సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్లు. ఛార్జింగ్ గొడవే ఉండదు. కానీ కొత్త చక్రం కట్టించాలి, నీ బడ్జెట్‌లో రాదు. 600 కిలోమీటర్ల బీఆర్‌ఎంకి వచ్చినప్పుడు ఆలోచిద్దాం.

వెనక లైటు రెండు కొను. ఒక్కటి ఖరీదైనది కొనడం కంటే మామూలువి రెండు ఉండడం మేలు, ఎందుకంటే వెనక లైటు ఆరిపోతే నీకు తెలియదు. ఒకటి నిలకడగా వెలగాలి, రెండోది నెమ్మదిగా మినుకుమంటూ ఉండాలి. రెండూ మినుకుమంటే వెనక వచ్చేవాడికి నువ్వు ఉన్నావని తెలుస్తుంది గానీ ఎంత దూరంలో ఉన్నావో అంచనా దొరకదు. గంటకు 80లో వచ్చే కారు, 25లో పోయే నువ్వు, తేడా 55. నూట యాభై మీటర్ల నుంచే నిన్ను చూస్తే డ్రైవర్‌కు పది సెకన్లు దొరుకుతాయి. లైటు లేకుండా అతని డిమ్ వెలుతురులో 30 మీటర్లలో కనపడితే రెండే సెకన్లు.

నిన్ననే ఒక కుర్రాడి సైకిల్ చూశాను. సీట్‌పోస్ట్‌కు, అంటే సీటు కింది పైపుకు, మంచి లైటు పెట్టాడు, దాని మీదికి సీటుకు కట్టిన సాడిల్ బ్యాగ్ వాలిపోయి ఉంది. వెనక నుంచి ఎర్ర చుక్క కూడా కనపడటం లేదు. చలికోటు అంచు కిందికి జారినా ఇదే జరుగుతుంది. రెండో లైటును సీటు కింద కాకుండా వెనక చక్రం పక్కనుండే సన్నటి పైపుకు, కుడివైపు కట్టు. దాన్ని ఏదీ కప్పదు.

రిఫ్లెక్టివ్ జాకెట్ గురించి ఒక అపోహ ఉంది. చిలకపచ్చ రంగు పగలు, మబ్బు పట్టినప్పుడు, తెల్లారే వేళ బాగా కనపడుతుంది. చీకట్లో ఆ రంగుకు శక్తి లేదు, దాని మీద కుట్టిన వెండి పట్టీలే పనిచేస్తాయి. ఆ పట్టీలు కూడా తమ మీద పడిన వెలుతురును ఎటునుంచి వచ్చిందో అటే పంపుతాయి. అంటే వెనకొచ్చే కారుకు నువ్వు మెరుస్తావు, కానీ పక్క సందులోంచి అడ్డంగా వచ్చే బండి హెడ్‌లైట్ నీ మీద పడేసరికి ఆలస్యమైపోతుంది. అడ్డరోడ్ల దగ్గర నమ్ముకోవాల్సింది నీ లైటునీ నీ బ్రేకునీ. జాకెట్ కంటే కూడా నాకు ఎక్కువ ఇష్టమైనవి చీలమండలకు కట్టే రెండు రిఫ్లెక్టివ్ పట్టీలు, జత నూటయాభై రూపాయలు. పెడల్‌తోపాటు అవి పైకీ కిందికీ ఆడుతుంటే అది సైకిల్ అని డ్రైవర్ వెంటనే గుర్తుపడతాడు. కదలని పట్టీ అయితే రోడ్డు పక్క బోర్డో ఏదో అనుకునే ప్రమాదం ఉంది.

రోడ్డును చదవడం కూడా ఈ నెలల్లో వేరుగా ఉంటుంది. ఎదురుగా ఒకే లైటు కనపడితే అది బైకు అనుకోకు. ఒక హెడ్‌లైట్ పోయిన ఆటో కావచ్చు, ట్రాక్టర్ కావచ్చు, వెలుగుతున్న లైటు ఏ వైపుదో తెలియదు. వీలైనంత ఎడమకు రా. రాంగ్ రూట్‌లో లైటు లేకుండా వచ్చే పాల బండ్లుంటాయి, మలుపుల్లో మరీ అంచుకు అతుక్కుని తొక్కకు. పత్తి లోడు ట్రాలీలకు వెనక ఎర్ర లైటు ఉండదు, లోడు రెండు వైపులా రెండేసి అడుగులు బయటికి వచ్చి ఉంటుంది. హైబీమ్ కొడితే ఆ లైటు వైపు చూడకు. ఎడమ అంచున తెల్ల గీత మీద చూపు పెట్టి, పెడల్ ఆపి వేగం సగానికి దించు. నా కాలర్ బోన్ నేర్పింది ఇదే.

ఊళ్ళ మధ్య నుంచి పోయేటప్పుడు మరీ జాగ్రత్త. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాములు నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండా, నాలుగు నాలుగున్నరకే రోడ్డు మీద గుడికి నడుస్తుంటారు. ధనుర్మాసం వచ్చిందంటే ఆడవాళ్ళు వాకిట్లో కళ్ళాపి చల్లి, వంగి ముగ్గులు పెడుతుంటారు. చాలా ఊళ్ళలో వాళ్ళ వాకిలి అంటే మనం తొక్కే రోడ్డే. తడి, పేడనీళ్ళు, మనుషులు అన్నీ ఒకేచోట ఉంటాయి. చలిమంట చుట్టూ కూర్చున్నవాళ్ళు సగం రోడ్డు మీదే ఉంటారు, ఆ మంట వెలుగుకు వాళ్ళ వెనక ఏముందో కనపడదు. ఊరి బోర్డు కనపడిన దగ్గర్నుంచి 15 దాటకుండా పో, బెల్లు కొడుతూ పో. మన అరగంట వేగం కోసం వాళ్ళ పొద్దు పాడవకూడదు.

కుక్కల గురించి అడిగావు. చీకట్లో అవి పరుగెత్తే చక్రం మీదికి వస్తాయి. పందెం పెట్టొద్దు. నెమ్మదించి గట్టిగా అరువు, ఇంకా వదలకపోతే దిగి సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నడువు. చాలాసార్లు దిగగానే ఆగిపోతాయి. కరిస్తే మాత్రం వెంటనే సబ్బు నీళ్ళతో పావుగంట సేపు కడిగి, అదే రోజు టీకా వేయించుకో, రైడ్ సంగతి వదిలెయ్.

పొగమంచు మన వైపు తక్కువే గానీ చెరువు కట్టల మీద, కోనసీమ కాలువల వెంట దట్టంగా దిగుతుంది. అప్పుడు ముందు లైటు ఎక్కువ పెడితే ఎదురుగా తెల్లటి గోడలా కనపడుతుంది. వెలుతురు తగ్గించి కిందికి వంచు. ముప్పై అడుగులు కూడా కనపడకపోతే టీ కొట్టు చూసి ఆగిపో.

చలి బట్టలకు పెద్దగా ఖర్చు పెట్టకు. హైదరాబాద్ చలికి చేతులకు తొడిగే ఆర్మ్ వార్మర్లు, నిండు వేళ్ళ గ్లవ్స్, చెవులు కప్పే బఫ్ చాలు. చలికి వేళ్ళు బిగుసుకుపోతే బ్రేకు ఆలస్యమవుతుంది కాబట్టి గ్లవ్స్ మాత్రం మానొద్దు. దిగుళ్ళలో ఛాతీకి గాలి కొడితే టీ కొట్టులో పాత పేపరు అడిగి జెర్సీ లోపల పెట్టుకో. పాతకాలం రేసర్ల పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. కళ్ళకు రంగు లేని అద్దాలు తప్పనిసరి, లైటుకు ఎదురొచ్చే పురుగు కంట్లో పడితే ఆ క్షణంలో ఏమైనా జరగొచ్చు. నల్ల కళ్ళద్దాలు ఇంట్లోనే వదిలెయ్.

టైర్లు ఇప్పుడే మార్చొద్దు. నీ సైకిల్‌కు 25 మిల్లీమీటర్ల వెడల్పువి ఉన్నాయన్నావు. అరిగాక 28 వేయించు, ఫ్రేములో పడితే 32 ఇంకా నయం. గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే గుంతల దెబ్బా తగ్గుతుంది, పట్టూ పెరుగుతుంది. ఈ కాలంలో పంక్చర్లు ఎక్కువగా తుమ్మ ముళ్ళ వల్లే. చీకట్లో పంక్చర్ అయితే రోడ్డు అంచున కూర్చోకు. పూర్తిగా మట్టిలోకి దిగు, వెనక లైట్లు వెలుగుతూనే రోడ్డు వైపు తిప్పి ఉంచు. కొత్త ట్యూబ్ వేసే ముందు టైర్ లోపల వేలితో మెల్లగా చుట్టూ తడిమి ముల్లు తియ్యి, లేకపోతే రెండో ట్యూబూ పోతుంది. ఈ పని ఇంట్లో లైట్లు ఆర్పి, ఫోన్ వెలుతురులో రెండుసార్లు ప్రాక్టీస్ చెయ్యి. రెండు ట్యూబులు, టైర్ విప్పే లివర్లు, చిన్న పంపు ఎప్పుడూ ఉండాలి.

బీఆర్‌ఎం సంగతి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు, అంటే ఆగే టైముతో కలిపి సగటు 15 కంటే తక్కువ. మొదటిసారి చేసేవాళ్ళు లైట్లు తెల్లవారుజాముకే కావాలనుకుంటారు. ఆరుకు స్టార్ట్ అయితే చివరి గడువు రాత్రి 7.30. జనవరిలో ఆరున్నరకే చీకటి. అంటే ఒళ్ళు అలసిపోయి, ట్రాఫిక్ పెరిగి, సిటీలోకి తిరిగి వచ్చే చివరి గంట చీకట్లో ఉంటుంది. ఉదయం వాడిన ఛార్జ్ ఆ గంటకు మిగలాలి. తెల్లారగానే ముందు లైటు ఆపెయ్యి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు పవర్ బ్యాంకుకు తగిలించు. లైట్లు సైకిల్‌కు గట్టిగా బిగించి ఉండాలి, చీకట్లో రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోవాలి. ఇవి అక్కడ నియమాలు, నిర్వాహకులు చూస్తారు. హెల్మెట్ మీది లైటు అదనంగా ఉంటే పంక్చర్‌కు పనికొస్తుంది, కానీ తల తిప్పినప్పుడల్లా ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, తొక్కేటప్పుడు ఆపి ఉంచు.

మామూలు రోజుల్లో ప్రాక్టీస్ కావాలంటే నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారు, అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. లారీలు, వడ్లు ఉండవు. వారం మధ్యలో అక్కడ తొక్కి, ఊరి రోడ్లను ఆదివారం వెలుతురు కోసం దాచుకో. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి మాత్రం ఎక్కకూడదు, సైకిళ్ళకు అనుమతి లేదు.

నీ పదివేలు నేనైతే సుమారుగా ఇలా పెడతాను. ముందు లైటుకు నాలుగువేలు, వెనక రెండింటికి రెండువేలు, జాకెట్, చీలమండ పట్టీలు కలిపి ఏడు వందలు, తెల్ల అద్దాలకు ఎనిమిది వందలు, గ్లవ్స్, ఆర్మ్ వార్మర్లకు పన్నెండు వందలు, మిగిలింది ట్యూబులకు. హెల్మెట్ ఒకసారి కిందపడిందని రాశావు. లోపలి థర్మకోల్‌లో సన్నని చీలిక కనపడినా సరే, మిగతావన్నీ ఆపి ముందు అది మార్చు.

మీ ఆవిడ భయాన్ని తీసిపారేయకు. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టి వెళ్ళు, ఎన్నింటికి ఎక్కడుంటావో చెప్పి వెళ్ళు. జేబులో పేరు, బ్లడ్ గ్రూపు, ఆమె నంబరు రాసిన కాగితం ఉంచు. ఏదైనా జరిగితే 112 కు కాల్ చేయాలని ఆమెకూ తెలిసి ఉండాలి. లైట్లు వచ్చాక ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఆమెను మీ కారులోనో స్కూటీ మీదో కూర్చోబెట్టి, మీ కాలనీ వెనక దీపాలు లేని రోడ్డులో నువ్వు సైకిల్ మీద వంద మీటర్లు, తర్వాత రెండు వందల మీటర్లు ముందుకు పో. ఒకసారి వెనక నుంచి, ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్క సందులోంచి ఆమెను చూడమను. బ్యాగు లైటును కప్పుతోందా, ముందు లైటు కళ్ళలో కొడుతోందా, పక్క నుంచి కనపడుతున్నావా, ఆమే చెప్తుంది. ఏం చెప్పిందో ఇక్కడ రాయి, ఏది ఎలా సర్దుకోవాలో చూద్దాం.